కొమ్ముపోటు

మోంటానా కొండల్లో తెల్లవారింది. లావుపాటి పైన్ చెట్టు వెనక నిలబడి థెల్మా తన భర్త ఎమెట్ గొట్టాన్ని నోటికి పెట్టుకుంది. ఊదితే అచ్చం ఎల్క్ పోతులా, అంటే పెద్ద కొమ్ముల మగ దుప్పిలా, అరిచే గొట్టం అది.

ఆమె ఊదింది. మైదానంలో మేస్తున్న ఆడ ఎల్క్‌లన్నీ చెవులు రిక్కించాయి. సెప్టెంబరు కదా, జత కట్టే రోజులు.

సరిగ్గా ఏడాది కిందట ఎమెట్ ఇక్కడే పోయాడు. ఎల్క్‌లను చూద్దామని ఇదే గొట్టం ఊదుకుంటూ చెట్లలోకి వెళ్లాడు. థెల్మా కారు దగ్గరే ఉండిపోయింది. ఆయన అరుపుకి జవాబుగా ఇంకో అరుపు వినబడింది. మధ్యలో జీరపోయే గొంతు. కాసేపటికి రెండూ ఆగిపోయాయి. పరిగెత్తి వెళ్లి చూస్తే ఎమెట్ ఛాతీలో లోతుగా చిల్లు. పోతు కొమ్ముతో పొడిచిందని ఊరంతా తేల్చేసింది. పోలీసు ఉద్యోగంలో ఉన్న మరిది ఓరిన్ కూడా కాగితాల్లో అదే రాశాడు.

ఇవాళ ఆ మరిదినే వెంట లాక్కొచ్చింది.

"నోరులేని జంతువు మీద పగేంటి వదినా? చలికి కొయ్యబారిపోతున్నా. పోదాం పద."

"ఆ కాఫీ తాగి నోరు మూసుకో."

అంతలో అడవిలోంచి జవాబు వచ్చింది. అదే జీరగొంతు. మందలో ఒక్కటి కూడా తలెత్తలేదు. థెల్మా ఓరిన్ వైపు తిరిగింది.

"వాడే," అంది.

"అన్నీ ఒకేలా అరుస్తాయి. నీకెలా తెలుసు?"

"నలభై ఏళ్లు మీ అన్న పక్కన కూర్చుని విన్నాను. ఈ గొంతు చచ్చినా మర్చిపోను."

మళ్లీ ఊదింది, ఈసారి కవ్విస్తున్నట్టు. జవాబు దగ్గరైంది. ఇంకోసారి ఊదింది. ఇంకా దగ్గరైంది. ఎండు కొమ్మలు పటపటా విరిగాయి. ఓరిన్ వేళాకోళం మాని తుపాకీ తీశాడు.

"చాటునే ఉండు వదినా. కనబడగానే కాల్చేస్తా."

"కాల్చావో నీకూ నాకూ చెల్లు! ముందు వాడి మొహం చూడాలి."

"దాని మొహంలో ఏముంది చూడ్డానికి?"

"చూస్తావుగా."

ఏడాదిగా రగులుతున్న కసి అంతా ఊపిరిలోకి తెచ్చుకుని చివరిసారి ఊదింది.

మెడలో అలాంటి గొట్టంతోనే, చేతిలో బాణం ఎక్కుపెట్టిన విల్లుతో, పొదలు తోసుకుంటూ బయటికి వచ్చాడొక మనిషి.