జవాబుకు వదిలిన ఖాళీ

రోజూ వింటే ఇంగ్లీషు మాట్లాడటం అదే వస్తుందని మా రాణక్క నా ఫోన్‌లో ప్రశ్నలు రికార్డు చేసింది. ప్రతి ప్రశ్న తర్వాత నేను జవాబు చెప్పడానికి కాస్త ఖాళీ వదిలింది.

చేపల తట్ట దించగానే అమ్మ కేకేసేది. "ఒసే, ఇంగ్లీషు పెట్టవే!" పక్కనే కూర్చుని తనూ వినేది. మొదటి ప్రశ్నకు మాత్రం నన్నడిగి అర్థం తెలుసుకుంది.

ఇవాళ విసుక్కున్నాను. "కాకినాడలో ఉద్యోగం వచ్చేసిందిగా, ఇంకా ఎందుకమ్మా?"

"రేపు నీతోపాటు ఫోనూ పోద్ది కదే. ఒక్కసారి పెట్టు."

పెట్టాను.

"హౌ ఆర్ యూ?" అంది అక్క.

అమ్మ ఫోన్ మీదికి వంగింది. "బాగానే ఉన్నానమ్మా. నువ్వు తిన్నావా?"

అక్క వదిలిన ఖాళీ అయిపోయింది.

"వెరీ గుడ్," అంది, కిందటేడు వరద గోదావరిలో పడవతో సహా మునిగిపోయిన మా అక్క.