గోడ వేసిన రీలు

ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ వంటింటి గోడే తను తీసినవీ, ఫోన్లలో ఉన్నవీ పాత ఫొటోలన్నీ కెలికి, పొద్దున్నే కాఫీ వేళకు ఒక రీలు చేసి వీధి మొత్తానికీ చూపించేది. హైమవతి ఇంటి గోడ కంటికి మాత్రం ఆమె పెద్ద తోడికోడలు నీలవేణి తప్ప మరొకరు ఆనేవారు కాదు. రోజూ నీలవేణి గారెలు, నీలవేణి జడ, నీలవేణి నవ్వు. హైమవతికి కడుపు రగిలిపోయింది.

"ఈ ఇంట్లో నేనూ ఉండి చచ్చానుగా! రేపు నా రీలు వెయ్యలేదో, నీ మొహాన సున్నం కొట్టించేస్తా" అని గోడను దులిపేసింది.

మర్నాడు గోడ వేసింది. పెళ్లిలో, పేరంటంలో, పుట్టినరోజులో, ప్రతి ఫొటోలోనూ హైమవతి ఉంది. కాకపోతే ప్రతి దాంట్లోనూ కళ్లార్పకుండా నీలవేణి చీరనో, గాజులనో, చేతిలోని గారెల పళ్లేన్నో చూస్తోంది. గోడ దానికి పెట్టిన పేరు 'అక్కంటే ప్రాణం'. చూసిన వీధంతా కళ్లు తుడుచుకుంది.

నీలవేణి వంటింట్లోకి పరుగున వచ్చి కావలించుకుంది. "నేనంటే ఇంత ఇష్టమని ఒక్కసారైనా చెప్పలేదేమే, పిచ్చిదానా!"

హైమవతి ఆమె భుజం మీద గడ్డం ఆనించి, జడలోని కొత్త బంగారు చామంతి బిళ్లను కళ్లార్పకుండా చూసింది.

గోడ టక్కున ఫొటో తీసింది.