ఓడెక్కబోయిన దూది

మట్టెవాడ వీరేశం ఎత్తిన కొబ్బరికాయ ఎత్తినట్టే ఆగిపోయింది. కొన్నవాళ్లు చల్లగా ఉండాలని మొక్కనిదే ఆయన తన దూది లారీని కదలనివ్వడు.

“జల్ది కొట్టు సావుకారీ,” అన్నాడు దళారి సత్తయ్య. “బొంబాయిల ఓడ ఆగదు.”

“మళ్ల చెప్పు. దూదితోని ఏం చేస్తరంటివి?”

“తూటాల మందు. అందుకే డబుల్ ధర. రెండు దేశాలు కొట్లాడుకుంటానయ్. మన దూది కొన్న కంపెనీ ఆ మందు ఇద్దరికీ అమ్ముతది.”

“ఇద్దరికా!”

“మొక్కు మరి, ఎవరు సల్లగుండాలని మొక్కుతవో చూస్త,” అని భార్య అనసూయ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వీరేశం కళ్లు మూసుకున్నాడు. “స్వామీ, ఇద్దర్నీ సల్లగ బతికించు.”

“మంచిగ మొక్కినవ్!” సత్తయ్య చేతులు జోడించాడు. “ఒకడు సస్తే గిరాకి బందయితది. ఇద్దరూ బతకాలె, కొట్లాడుతనే ఉండాలె.”

వీరేశం ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. తన మొక్కును దేవుడు ఎవరి లెక్కన విన్నాడో!

“సరుకు దించుండ్రి,” అని హమాలీలను కేకేశాడు.

“దించి ఏం చేస్తవ్? పరుపులోళ్లు సగం ధర గూడ ఇయ్యరు!”

“ఇయ్యకపోనీ అన్నా,” అంది అనసూయ. “పండుకున్నోళ్లు కొట్లాడరు గద.”