పిలిస్తేనే తలుపు

మా ఇంటిని నడిపే కంప్యూటరు మొదటి రోజే ఒక నియమంతో వచ్చింది. ఫోన్లోంచైనా, కెమెరాలోంచైనా మేము పిలిచినవాళ్ళే లోపలికి రావాలి, బయటివాళ్ళు తమంతట తాము రాకూడదు. అందుకే అత్తయ్యకు దాని మీద కోపం. తన ఊళ్ళో కూర్చుని, కావాలన్నప్పుడల్లా ఉయ్యాల కెమెరాలోంచి పాపను చూడలేకపోయేది.

"నా మనవరాల్ని చూసుకోడానికి నాకు అనుమతా? తీసిపారెయ్యవే ఆ రూలు," అంది నిన్న, మమ్మల్ని చూడ్డానికొచ్చి, మా వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

పెద్దావిడ నొచ్చుకుంటుందని నాకు భయం. తీసేద్దామని గోడమీది కంప్యూటరు తెర దగ్గరికి వెళ్ళాను. ఇంతలో ఇల్లే పలికింది.

"ఎవరో బయటినుంచి ఉయ్యాల కెమెరాలో దూరి నాతో మాట్లాడబోయారు. రానివ్వలేదు. వాళ్ళ మాట వినండి."

"నేను పాప నాయనమ్మని. వీధి తలుపు తియ్యి."

తెరలోంచి వచ్చింది అచ్చం అత్తయ్య గొంతే! అత్తయ్యేమో నా ఎదురుగా, చేతిలో చిక్కుడుకాయతో.

"నేను కాదే అమ్మాయ్," అంది ఆవిడ, నేను నమ్మనేమో అన్నట్టు.

ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఏది తెరవాలో, ఏది మూయాలో మొదటి రోజే నన్నడిగితే అన్నిటికీ సరే అనేదాన్ని. అడక్కుండానే మూసి ఇచ్చినవాళ్ళెవరో గానీ, వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలి.

అత్తయ్య పాపను ఎత్తుకుని గుండెకు హత్తుకుంది.

"ఇకమీదట నేనొచ్చి అడిగినా ఆ రూలు తియ్యకే. నువ్వే నన్ను పిలువు. రోజుకి రెండుసార్లు పిలవాలి, చెప్తున్నా!"