పెద్దది

నేను జడ వేస్తుంటే అమ్మ మళ్ళీ నన్ను "చిన్నీ" అంది. అది చెల్లెలి పేరు. నిరుడు పొయ్యి ఆర్పడం మరిచిపోయిన అమ్మ, ఈ ఏడు బొత్తాలు పెట్టుకోవడమే మరిచిపోయింది. అన్నీ చేసేది నేను, తలుచుకునేది దాన్ని. నాకు కడుపు మండిపోయేది.

ఆ పూటే చెల్లెలు ఊరి నుంచి వచ్చింది. అమ్మ నన్ను అలా పిలవడం విని, "అమ్మా, నేనే చిన్నీని!"

అమ్మ జంకి నా చెయ్యి పట్టుకుంది. "ఈవిడెవరే చిన్నీ?"

చెల్లెలు నావైపు అక్కసుగా చూసింది. "నా పేరు కూడా నువ్వే తీసేసుకున్నావా అక్కా?"

దాని ఏడుపు చూడలేక, "ఈవిడ నీ పెద్దమ్మాయి అమ్మా," అనేశాను.

అమ్మ దాని చెంప నిమిరింది. "పెద్దదా! ముందు దీనికి అన్నం పెట్టవే చిన్నీ. ఆకలేసినా నోరు తెరిచి అడగదు."

చెల్లెలు కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి, నాకు కంచంలో అన్నం పెట్టుకొచ్చింది.