ఎరువు వేయని ముక్క

ల్యాబులో గాజుపలక మీద నీలం చుక్కలు ఈసారి కూడా సరిసమానంగా తేలాయి. అశ్విని పలకను వెలుతురుకెత్తి మళ్లీ చూసింది. మూడేళ్ల చాకిరీ అంతా ఆ రెండు చుక్కల్లోనే ఉంది మరి.

"రెండు సంచులూ కలిపేసినావు," అన్నారు ఆమె గైడు నారాయణ సారు.

"లేదు సార్. ఎరువు వేసిన మట్టి ఒక సంచిలో, వేయని మట్టి ఒక సంచిలో. పేర్లు నేనే రాసినా."

"మరి రెంట్లోనూ నీలం ఇంత చిక్కగా ఎందుకుండాది? ఊదా చుక్క యాడ? సిద్ధాంతం తప్పా, నీ పని తప్పా? ఐదింటికి నీ పరిశోధన మీద కమిటీ. తప్పు యాడ జరిగిందో ఆలోపల రాసియ్యి."

సిద్ధాంతం తప్పు కాదని ఆమెకు తెలుసు. అలాంటప్పుడు మిగిలింది తన చేతులే. ఆ చేతుల్ని చూసుకుంటే ఏడుపు తన్నుకొచ్చింది.

వరండా బల్ల మీద ఆమె తండ్రి హనుమంతప్ప కూర్చుని ఉన్నాడు. ఈ ఏటి మట్టి సంచులతో పొద్దున్నే చిలమత్తూరు నుంచి బస్సెక్కి వచ్చాడు. మూడేళ్లుగా కూతురి చదువు కోసం చేనును రెండు ముక్కలు చేసి పండిస్తున్నాడు. కూతుర్ని చూడగానే చేతిలో ఉన్న ఒక్క బన్నునూ సగం విరిచి ఇచ్చాడు.

"ఏమైందమ్మా?"

"బాక్టీరియా ఒంటికి కొవ్వుతో కట్టిన పొర ఉంటాది నాయనా. ఎరువులో భాస్వరం దొరికితే ఆ భాస్వరం కలిసిన ఫాస్ఫోలిపిడ్లతో కట్టుకుంటాది. అది నీలం చుక్క. దొరక్కపోతే చక్కెర కలిసిన గ్లైకోలిపిడ్లతో సర్దుకుంటాది. అది ఊదా."

"కరువులో మనం సంగటి మాని గంజి తాగినట్ల."

"అంతే. ఎరువు లేని కింది ముక్క మట్టిలో ఊదా రావాల. మూడేళ్లయినా నాకు రాలేదు."

హనుమంతప్ప బన్ను నమలడం ఆపేశాడు. "అశ్వినీ, ఒక మాట..."

"ఇప్పుడొద్దు నాయనా. నాలుగున్నరయింది."

ఆమె అక్కడే కూర్చుని కాగితం రాసింది. నమూనాలు తన అజాగ్రత్త వల్లే కలిసిపోయాయని, పరిశోధన మానుకుంటున్నానని. చేయని తప్పును చేసినట్లు రాయడం ఇంత కష్టమని ఆమెకు అంతవరకూ తెలియదు. ఒకవేళ నిజంగానే చేశానేమో అని కూడా అనిపించింది. సంతకం పెట్టి సారుకు ఇచ్చింది.

సారు దాన్ని చదివి మడిచారు. కాగితం పట్టుకుని కమిటీ గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. పావుగంటకు బయటికొచ్చి, "పేరు తీసేసినారమ్మా," అని తల దించుకుని వెళ్లిపోయారు.

అశ్విని తండ్రి పక్కన కూలబడింది.

"ఇంటికి పోదాం పా నాయనా. చేత కానిదాన్ని. నీ చేను మూడేళ్లు పాడు చేసినా."

"నీ చేతుల్లో ఏ తప్పూ లేదు తల్లీ."

"ఊరికే ఓదార్చొద్దు. ఎరువు పడని మట్టిలో నీలం యాడ నుంచి వస్తాది?"

హనుమంతప్ప తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కింది ముక్కను పస్తు పెట్టలేక, దానికీ ఏటా చల్లినానమ్మా."