మూడో తప్పు

"నీ ఫిర్యాదు పరిష్కారమైందవ్వా. ఫోన్‌కొచ్చిన ఓటీపీ చెప్పు, మూసేస్త," అన్నాడు ఆఫీసాయన ఫోన్లో.

మందుల ఫ్యాక్టరీల పక్కనున్న గడ్డపోతారంలో మాణెమ్మ బోరు నీళ్లకు ఇంకా మందుల వాసనే. ఫిర్యాదు చేసినా చూడటానికి ఎవరూ రాలేదు.

"నాలుగు, ఏడు, ఒకటి, రెండు," అని చదివిందామె.

"తప్పు. మల్ల సూడు."

కళ్లద్దాలు సవరించుకుని ఇంకో నంబరు చెప్పింది. అదీ తప్పే.

"సదువు రానోళ్లతోని ఇదే పరేషాన్! జెర నిమ్మళంగ సదువు."

నిమ్మళంగానే చదివింది.



"ఏందవ్వా గిట్ల చేసినవ్! నీ ఫిర్యాదు కలెక్టర్‌కు వోయింది."

"పోవాల్ననే చేసిన సారూ. మూడుసార్లు తప్పు చెప్తె పైకి వోతదని ఓటీపీ కిందనే రాసున్నది. అది గూడ సదివిన."